సాక్ష్యం చెప్పడానికి నోరు రావాలంటే



మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఏదో ఒక ఆఫీసు, భోజనాల వేళ. నలుగురూ క్యారేజీలు విప్పారు. పప్పు, దోసకాయ పచ్చడి, వేయించిన వడియాలు. వాళ్ళలో ఒకాయన క్రైస్తవుడు. ఇంట్లో అయితే కంచం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసిగాని ముద్ద ముట్టడు. ఇక్కడ మాత్రం కళ్ళజోడు తీసి, కర్చీఫుతో అద్దాలు తుడుస్తున్నట్టు తల వంచి, పెదవి కదలకుండా దేవుడికి స్తోత్రం చెప్పేసుకుని, జోడు పెట్టుకుని, "ఏంటండీ ఇవాళ విశేషాలు?" అంటాడు. పక్కవాళ్ళకి అనుమానం రాదు. వచ్చినా ఏమీ అనరు. ఆయనే ముందు జాగ్రత్త పడ్డాడు, అంతే.

ఆదివారం గుడిలో చేతులెత్తి పాడినవాడికి సోమవారం నలుగురిలో గొంతు ఎందుకు పెగలదన్నదే ఈ పూట నా ప్రసంగం. దీనికి మన సంఘాల్లో మామూలుగా వేసే మందు ఒకటుంది. మందలింపు. "ప్రభువు గురించి నువ్వు సిగ్గుపడితే ప్రభువు కూడా నీ గురించి సిగ్గుపడతాడు సుమా" అని పాస్టరు గారు బల్ల గుద్ది చెబుతారు. విన్నవాడికి మనసు చివుక్కుమంటుంది. ఓ పాతిక కరపత్రాలు తీసుకుని బస్టాండుకి పోయి, వచ్చేపోయేవాళ్ళ చేతుల్లో పెట్టేసి, తిరిగి చూడకుండా ఇంటికొచ్చేస్తాడు. బాధ్యత తీరిపోయింది. ముఖపరిచయం లేనివాళ్ళకి కాగితం ఇవ్వడం సులువు. రోజూ పక్క కుర్చీలో కూర్చునే మనిషికి చెప్పడమే కష్టం. తిట్టినంత మాత్రాన ఆ కష్టం పోతుందని నేను నమ్మను. భయం ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి.

మన ప్రాంతంలో ఆ భయానికి ఒక కాగితం రూపం కూడా ఉంది. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం, హిందూమతం కాక మరో మతం తీసుకున్నవాళ్ళని షెడ్యూల్డు కులస్థులుగా లెక్కించరు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ షరతు సడలింది. క్రైస్తవులకి, ముస్లింలకి సడలలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దళితుల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. అక్కడ వాటా ఒక్క శాతం. కాబట్టి సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘం రిజిస్టర్‌లో ఇంకో పేరు. తాతగారి నాటి నుంచీ ఆదివారం గుడికి పోతున్న కుటుంబంలో పిల్లవాడు, ఉద్యోగంలో చేరాక "మీరు క్రిస్టియన్సా?" అని ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతాడు. అతన్ని పిరికివాడనడం ఎంతసేపు? అతని చెల్లెలి చదువు, అమ్మ మందులు ఆ జీతం మీద నడుస్తున్నాయి. ఈ ఉత్తర్వులోని న్యాయాన్యాయాల చర్చ ఇవాళ్టిది కాదు. కాని ఈ చిక్కు లేనివాడు, ముఖ్యంగా పై కులం నుంచి వచ్చి ఏ నష్టమూ లేకుండా పెద్ద గొంతుతో సాక్ష్యం చెప్పగలిగినవాడు, చిక్కులో ఉన్నవాడికి ధైర్యం గురించి పాఠాలు చెప్పకపోతే మంచిది.

ఇలాంటి భయం బైబిల్‌కి కొత్తేమీ కాదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డి కథ ఉంది. యేసు అతనికి చూపిచ్చాడు. ఊరంతా గగ్గోలు. అది విశ్రాంతి దినం కూడా కావడంతో పరిసయ్యులు విచారణ పెట్టారు. కన్న తల్లిదండ్రుల్ని పిలిచారు. వీడు మా కొడుకే, పుట్టుగుడ్డే, ఎలా చూస్తున్నాడో మాకు తెలీదు, వాడికి వయసొచ్చింది, వాణ్ణే అడగండి అని తప్పుకున్నారు. యేసును క్రీస్తని ఒప్పుకుంటే సమాజమందిరంలోంచి వెలివేస్తారని భయం. ఆ సంగతి సువార్త దాచకుండా రాసింది. ఆ తల్లిదండ్రుల్ని ఒక్క మాట కూడా అనలేదు.

కొడుకు సంగతి చూడండి. రాత్రికి రాత్రి మహావక్త కాలేదు. మొదట ఇరుగుపొరుగు అడిగితే, యేసు అనే మనిషి నా కళ్ళకి బురద పూశాడు అన్నాడు. అంతే, ఒక మనిషి. ఆయనెక్కడున్నాడంటే తెలీదన్నాడు. రెండోసారి నిలదీస్తే, ప్రవక్త అన్నాడు. ఆయన పాపి అని పెద్దలు గట్టిగా చెబితే, పాపో కాదో నాకు తెలీదు, గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను, అది మాత్రం తెలుసు అన్నాడు. మళ్ళీ అడిగితే విసుక్కుని, ఏం, మీరూ ఆయన శిష్యులవుతారా అని ఎకసెక్కమాడాడు. చివరికి, ఆయన దేవుడి దగ్గర్నుంచి రాకపోతే ఈ పని చేయగలిగేవాడే కాదని వాదనకే దిగాడు. వెళ్ళగొట్టారు. అడుక్కుతినే మనిషి, ధర్మశాస్త్ర పండితులకి ఎదురు చెప్పి వీధిలో పడ్డాడు. అప్పుడు యేసే వెతుక్కుంటూ వచ్చాడు.

ఈ కథలో నాకు నచ్చేది అతను "తెలీదు" అనగలగడం. అదీ ఒకసారి కాదు. మనకి నోరు రాకపోవడానికి సగం కారణం, నోరు తెరిస్తే అన్నిటికీ జవాబు చెప్పాలేమోనన్న బెంగ. "త్రిత్వం అంటే ముగ్గురు దేవుళ్ళా? మరి ఒక్కడంటారేంటి?" "మంచివాళ్ళకి క్యాన్సర్ ఎందుకొస్తుంది?" "మీ యేసు పేరు కూడా వినకుండా పోయిన మా తాతగారి గతేంటి?" ఇవన్నీ తేల్చుకున్నాకే సాక్ష్యం చెబుదామనుకుంటే ఈ జన్మకి కుదరదు. చూపొచ్చినవాడు ముందు చదువు పూర్తి చేసి తర్వాత మాట్లాడలేదు. తెలిసినంత చెప్పాడు. అడుగుతున్నకొద్దీ అతనికే విషయం తేటపడింది. ధైర్యం ముందు పుట్టి మాట తర్వాత రాలేదు. మాట ముందు వచ్చింది, అదీ చిన్న మాట. దాని వెనకాలే ధైర్యం వచ్చింది.

మన ఒంగోలు ప్రాంతంలో జరిగింది ఇలాంటిదే. ఎర్రగుంట్ల పేరయ్యది తాళ్ళకొండపాడు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే రాజయోగం అభ్యసించినవాడు, తన చుట్టూ శిష్యులున్నవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. ఇంటికొచ్చి భార్య నాగమ్మకి చెప్పాడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జూయెట్ దగ్గర ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడే ఒంగోలు వచ్చిన కుర్ర మిషనరీ జాన్ క్లౌకి తెలుగే సరిగా పట్టుబడలేదు. 1867 జనవరిలో పేరయ్య పిలుపు మీద క్లౌ దొర తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో దిగేసరికి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తిండీ బట్టా మూటగట్టుకుని వచ్చి కూర్చున్నారు. నాలుగైదు రోజుల్లో ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళకి వాక్యం అప్పటికే అందింది. అందించినది తోళ్ళ మూటలతో ఊరూరా తిరిగిన మనిషీ, అతని ఇల్లాలూ. చెప్పినది అన్నదమ్ములకీ, వియ్యాలవారికీ, సరుకు కొనేవాళ్ళకీ, పాత శిష్యులకీ. కొత్త మనుషుల్ని వెతుక్కుంటూ పోవాల్సిన పని పడలేదు.

అయితే అప్పట్లో ఒంగోల్లో ఇంకో పేచీ నడుస్తోంది. బడికి వస్తున్న పై కులాల కుర్రాళ్ళూ, వాళ్ళ పెద్దలూ, మాదిగల్ని చేర్చుకుంటే మేము రామని తెగేసి చెప్పారు. క్లౌ దొర ఎటూ తేల్చుకోలేక ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిల్ తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగమే కంటబడిందని ఆయన చెప్పుకున్నారు. జ్ఞానుల్నీ గొప్పవాళ్ళనీ కాక, లోకం లెక్కచేయని వాళ్ళని దేవుడు ఎంచుకున్నాడన్న మాటలవి. మాదిగలకి తలుపు తెరుచుకుంది. కుర్రాళ్ళు వెళ్ళిపోయారు.

ధాత కరువు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎందుకంటే "మీరు అన్నం పెట్టి మతం మార్చారు" అన్న మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ఆ మాట వింటే చాలామందికి ఉన్న కాస్త గొంతు కూడా పోతుంది. 1876 నుంచి 1878 దాకా కరువు ఈ దేశాన్ని పీల్చేసింది. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత పనిని క్లౌ దొర కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ పనిలో కులం చూడలేదు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడితే, కూటి కోసం రావద్దని ఏడాదికి పైగా ఆపేశారు. కరువు తీరాక, పంచడానికి డబ్బులు లేవు, పని లేదు, వెళ్ళండి అన్నా జనం కదల్లేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ రేవులో ఒక్క రోజున 2,222 మంది మునిగి లేచారు. మునిగించినది క్లౌ దొర కాదు, తెలుగు బోధకులు. ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు నీళ్ళలోకి దిగారు. ఇదంతా వాదనలో గెలవడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి ఒక్కరి మనసులో ఏముందో నేను చూసి రాలేదు. కాని తాతముత్తాతల సంగతి తెలిసి ఉంటే, ఆ మాట పడ్డప్పుడు తల వంచుకోనక్కర్లేదు. కోపం తెచ్చుకోనూ అక్కర్లేదు.

గుండ్లకమ్మ నుంచి డోర్నకల్ దూరమే, కాని సంగతి ఒకటే. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. తమిళుడు, తిరునెల్వేలి వైపు వారు. తెలుగు నేర్చుకుని డోర్నకల్‌లోనే ఉండి, 1945లో పోయేదాకా మనవాళ్ళ మధ్యే బతికారు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ చేత ఆయన ఒక పని చేయించేవారు. చెయ్యి నెత్తిమీద పెట్టుకుని, బాప్తిస్మం పొందాను, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పౌలు మాటల్ని అనుసరించి అనిపించేవారు. ఆ మాటలు పలికినవాళ్ళు అక్షరం ముక్క రాని వ్యవసాయ కూలీలు. ఏటా ఒక వారం సాక్ష్య వారంగా పెట్టి, ఆడా మగా గుంపులుగా పక్క ఊళ్ళకి పాటలు పాడుకుంటూ వెళ్ళేవారు. 1930ల్లో పికెట్ అనే అమెరికన్ మెథడిస్టు మిషనరీ దేశమంతా తిరిగి ఇలాంటి సామూహిక ఉద్యమాల్ని పరిశీలించి పుస్తకం రాశారు. డోర్నకల్ ప్రాంతంలో సంఘంలోకి వచ్చిన భూములున్న కులాల రైతుల్ని మీరెందుకొచ్చారని అడిగితే, మా దగ్గర పనిచేసే మాల మాదిగల బతుకులో మార్పు చూసి అన్నవాళ్ళు చాలామంది. తాగుడు తగ్గింది, దొంగతనం మానారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు. పొలం గట్టున నిలబడి కూలీ చెప్పిన మాటకి బలం ఆ మార్పులోంచి వచ్చింది.

ఇక మన రోజుల్లోకి వద్దాం. తిరుపతి వెళ్ళొచ్చిన సహోద్యోగి అందరికీ లడ్డూ పంచుతున్నాడు. మీ దగ్గరికొచ్చాడు. తెలుగు క్రైస్తవుడి సాక్ష్యానికి ఇంతకంటే అసలైన పరీక్ష లేదంటాను. కొందరు ఏదో ఫోనొచ్చినట్టు బయటికి పోతారు. కొందరు తీసుకుని సొరుగులో పడేసి, సాయంత్రం ఆఫీసు బాయ్‌కి ఇచ్చేస్తారు. కొందరు "మేము విగ్రహాలకి పెట్టినవి తినం" అని ముఖం మీద అనేసి, దాన్నే సాక్ష్యమనుకుంటారు. ఇంకొందరు తినేస్తారు, మనసులో ఏ శంకా లేకుండా. కొరింథులో విగ్రహాలకి అర్పించిన మాంసం గురించి పౌలు రాసిన అధ్యాయాలు చదివితే, ఈ పంచాయితీ ఎంత పాతదో తెలుస్తుంది. ఆయన కూడా తినడం తినకపోవడం కంటే ఎదుటి మనిషి మనస్సాక్షి మీదే ఎక్కువ మాటలు ఖర్చుపెట్టాడు. మీరు తినకపోతే తినకండి. కాని ఆయన కళ్ళలోకి చూసి, "ఏమనుకోకండి గురువుగారూ, నేను యేసుప్రభువుని నమ్ముకున్నాను, ప్రసాదం తీసుకునే అలవాటు లేదు. కొండమీద రద్దీ ఎలా ఉంది? దర్శనం బాగా అయిందా? పిల్లలు నడవగలిగారా?" అని అడగండి. ఆయన సమాధానం చెబుతున్నప్పుడు వినండి, మొహమాటానికి కాదు, నిజంగా. ఆయన భక్తి గురించి మీరు అడిగారు గనక, ఎప్పుడో ఒక రోజు మీ భక్తి గురించి ఆయన అడుగుతాడు. అడిగినప్పుడు చెప్పడానికి ధైర్యం పెద్దగా అవసరం లేదు. పేతురు తన పత్రికలో చెప్పిన పద్ధతీ అదే. అడిగినవాడికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంగా, గౌరవంగా. ఆ రాసినవాడు ఒకనాటి రాత్రి చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే యేసు ఎవరో నాకు తెలీదన్న మనిషేనని గుర్తుంటే, ఆ సలహా ఎంత అనుభవం మీద వచ్చిందో అర్థమవుతుంది.

పనిపిల్ల అంటే ఇంకో పనిపిల్ల గుర్తొస్తుంది. రాజుల రెండో గ్రంథంలో సిరియా సేనాపతి నయమాను ఇంట్లో, యుద్ధంలో చెరపట్టి తెచ్చిన ఇశ్రాయేలు చిన్నది. యజమానికి కుష్ఠు. అమ్మగారితో ఒక్క ముక్క అంది, షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి అయ్యగారు వెళ్తే బాగుండునని. తనని ఎత్తుకొచ్చిన ఇంటి మేలు కోరి చెప్పిన మాట. కోనసీమ నుంచీ, కడప జిల్లా నుంచీ కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళిన మన ఆడవాళ్ళలో క్రైస్తవులు బోలెడంతమంది. అక్కడ ముస్లింలకి మతబోధ చేయడం చట్టం ఒప్పుకోదు. చేయకూడదు కూడా. శుక్రవారం సెలవు దొరికితే తెలుగు కూడికకి వెళ్ళి పాడుకుంటారు. మిగతా ఆరు రోజులూ ఆ ఇంటి పిల్లలకి అన్నం పెట్టి, స్నానం చేయించి, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంటారు. వాళ్ళని చూసి, నోరు విప్పలేదు కాబట్టి సాక్ష్యం లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అలాగని నోరు విప్పి మైకు పట్టినవాళ్ళందరిదీ ధైర్యమనీ ఒప్పుకోను. రైలు పెట్టెలో పసిపిల్ల నిద్రపోతుంటే పెద్దగొంతుతో నరకం గురించి బోధించే మనిషి, అర్ధరాత్రి దాకా ఇంటి కప్పుమీద లౌడ్‌స్పీకర్ పెట్టే సంఘం, ఇతరుల దేవుళ్ళని వెక్కిరిస్తే తప్ప తన దేవుణ్ణి పొగడడం చేతకాని ప్రసంగీకుడు. వీళ్ళకి లేనిది భయం కాదు, ఎదుట మనిషి ఉన్నాడన్న స్పృహ. వీళ్ళు చేసిపోయినదానికి మరుసటి రోజు ఆఫీసులో తలవంపులు పడేది మన కళ్ళజోడాయన.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. తెలియకపోవడం వల్ల కొందరు అనవసరంగా జంకుతారు, కొందరు అనవసరంగా రెచ్చిపోతారు. రాజ్యాంగం 25వ అధికరణం మన మనస్సాక్షికి స్వేచ్ఛ ఇచ్చింది. మతాన్ని నమ్మడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చేయడానికీ హక్కిచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం అన్న హద్దులు పెట్టింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కంటే తన మత సిద్ధాంతాల్ని వివరించే హక్కేగాని, ఇంకొకర్ని మతం మార్చే హక్కు కాదని తీర్పిచ్చింది. ఈ తీర్పు మీద మన పెద్దల్లో కొందరికి అభ్యంతరాలున్నాయి. నా మటుకు నాకు, సాక్ష్యం చెప్పేవాడికి అది భారం తగ్గించే మాటగానే తోస్తుంది. మనసు మార్చడం మనిషి పని కాదని మన విశ్వాసం కూడా చెబుతోంది కదా, అది పరిశుద్ధాత్మ పని. పక్క కుర్చీ ఆయన్ని సంఘంలో చేర్పించే బాధ్యత నాది కాదని తెలిస్తే, ఆయనతో మాట్లాడటం ఎంత తేలికవుతుందో చూడండి. ఆయన ఒప్పుకోకపోయినా నేను ఓడిపోలేదు. ఆయన "ఇక చాలండీ" అంటే ఆపేస్తాను. మర్నాడు మళ్ళీ ఇద్దరం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుతాం. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో మరో మతప్రచారం చేయకూడదని చట్టముంది. అక్కడ చేయకపోవడం పిరికితనం కాదు, మర్యాద.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళున్నారు. రక్షణ, మారుమనస్సు అంటూ మొదలుపెట్టకండి. మీకు జరిగిందేదో ఒకటుంటుంది. నాన్న తాగుడు మానిన సంగతో, ఆపరేషన్‌కి ముందు రాత్రి సంఘంవాళ్ళు ఆస్పత్రి వరండాలో కూర్చున్న సంగతో, అప్పులబాధలో చావాలనిపించి కూడా ఆగిపోయిన సంగతో. అది చెప్పండి, జరిగినంత. అందులో యేసు ప్రస్తావన ఎక్కడొస్తుందో అక్కడే రానివ్వండి, ముందుకు లాగకండి. పెంచి చెప్పకండి. సాక్ష్యాల కూడికల్లో ఒకరి రోగం ఏటేటా ముదిరిపోవడం మనం వింటూనే ఉన్నాం. ఎదుటివాళ్ళు అడ్డు ప్రశ్న వేస్తే, వేయనివ్వండి. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, "నాకూ తెలీదండీ, మా పాస్టరు గారిని ఆదివారం అడిగి సోమవారం చెబుతాను" అనండి. ఆదివారం అడగండి. సోమవారం ఆయన మరిచిపోయినా, మీరు గుర్తు చేసి చెప్పండి. పాస్టరు గారికీ తెలియకపోతే, ఆ సంగతే చెప్పండి.